మన మిద్దెకు పిట్టగోడ ఉందా?

కొత్త ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టి తీరాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. కట్టనందువల్ల ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటివాడిదే. ప్రమాదం జరిగాక కన్నీరు కార్చడం కన్నా ముందుగా అడ్డు కట్టడమే పొరుగువాని ప్రేమించడం.

నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఆ అడ్డు లేకపోయింది. 2023 నవంబరు 13, దీపావళి మరునాటి ఉదయం. ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉన్నాయి. అక్కడే కారు మరమ్మతు చేస్తుండగా లేచిన నిప్పురవ్వలే కారణమని అధికారులు ప్రాథమికంగా అంచనా వేశారు. మంటలు, పొగ పైకి కమ్ముకున్నాయి. పై అంతస్తుల్లో ఉన్న తొమ్మిది మంది చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు.

ప్రియ పాఠకులారా, ఆబిడ్స్ దుకాణాల్లో పనిచేసే మనలో ఎందరమో ఉన్నాం. మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చామా? వెనుక తలుపుకు తాళం వేశామా? ఒకే ప్లగ్గుకు నాలుగు తీగలు తగిలించామా? పల్లెలో మన అన్నదమ్ములు పురుగుమందు డబ్బాను వంటింటి గూట్లో పెట్టడమూ ఇలాంటి పొరపాటే. దాన్ని పిల్లలకు అందకుండా, వేరుగా, తాళం వేసి ఉంచాలి.

పొగ కమ్మితే లిఫ్టు ఎక్కకండి. నేలకు వంగి మెట్ల దారి పట్టండి. 101కు ఫోను చేయండి.

కాపాడమని ప్రభువును ప్రతి రాత్రీ వేడుకొంటున్నాం. మంచిదే. ఈ రాత్రి ప్రార్థనకు ముందు, ఒక్కసారి లేచి మెట్ల దారి ఖాళీ చేద్దాం.