నాడి దొరకని పక్షవాతం

ముప్పై ఏళ్లయినా నిండని ఆడవాళ్లకు పక్షవాతం వస్తే డాక్టర్లు వెతికే జబ్బుల్లో టకయాసు ధమనిశోథ ఒకటి. రోగనిరోధక కణాలే పెద్ద ధమనుల గోడల్లో చేరి వాపు రప్పిస్తాయి. గోడ మందమై లోపలి దారి ఇరుకవుతుంది, కొందరిలో పూర్తిగా మూసుకుపోతుంది. 1908లో జపాన్ కంటివైద్యుడు మికిటో టకయాసు ఒక యువతి కంటి లోపల రక్తనాళాలు దండలా అల్లుకోవడాన్ని వివరించాడు. ఇలాంటి రోగుల్లోనే మణికట్టు దగ్గర నాడి దొరకడం లేదని తోటి వైద్యులు చెప్పారు.

గుండె నుంచి బయల్దేరిన బృహద్ధమని, వంపు తిరిగే చోట తలకూ చేతులకూ మూడు కొమ్మలు వేస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు పంపకమైనట్టే ఇదీ. కాలువ మొదట్లో పూడిక పడితే ముందు ఎండేది శివారు పొలాలే. మెదడులోనూ అంతే: రెండు ధమనుల ఆయకట్టు కలిసే సరిహద్దు భాగం ముందు దెబ్బతింటుంది. ఇరుకైన చోట గడ్డకట్టిన రక్తం తెగి పైకి కొట్టుకుపోయినా పక్షవాతమే.

మూడో దారి బీపీ. మన దేశపు రోగుల్లో కిడ్నీ ధమనులు ఇరుకు కావడం, దాంతో బీపీ పెరగడం ఎక్కువ; అది మెదడులో రక్తస్రావానికీ దారితీయవచ్చు. చిక్కేమిటంటే, చేతి ధమని మూసుకుపోతే ఆ చేతికి కట్టిన పట్టీ తక్కువ అంకె చూపిస్తుంది. అసలు బీపీ 180 ఉన్నా యంత్రం 100 అనవచ్చు. రెండు చేతులకూ, అవసరమైతే కాళ్లకూ చూడాలి. చేతుల మధ్య తేడా 10 దాటితే అనుమానించాలి. మెడ మీద స్టెతస్కోపు పెడితే బుస వినిపించవచ్చు. సీటీ, ఎమ్మారై యాంజియోగ్రామ్‌లు జబ్బును నిర్ధారిస్తాయి. రెండు చేతులకూ బీపీ చూడటమనే ఇంత తేలిక పరీక్ష ఉండీ, జ్వరం, నీరసం అంటూ కొన్నేళ్లు గడిచిపోవడమే విచారకరం.

వైద్యం స్టెరాయిడ్లతో మొదలవుతుంది. స్టెంటు, బైపాస్ వంటివి సాధారణంగా వాపు చల్లారాకే. స్టెరాయిడ్ తగ్గించడానికి తోడిచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ముఖ్యం. భీమవరంలో 1895లో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన అమెరికా లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చిందే అది. దాని దుష్ఫలితాలు తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిందీ అక్కడే. గర్భిణులకు మెథోట్రెక్సేట్ ఇవ్వరు. మోతాదు వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది.