ఫీజు పడిందా మేడం?

మా నెల్లూరు తీరంలో ఏప్రిల్ 15న మరబోట్ల వేట ఆగిపోతుంది. మళ్లీ జూన్ 14 దాటాకే సముద్రంలోకి. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన ఈ 61 రోజుల నిషేధాన్ని మత్స్యకారులు కూడా తప్పు పట్టరు. అయితే డిగ్రీ ఆఖరి సెమిస్టరు పరీక్షలు, టీసీలు, పై చదువుల దరఖాస్తులు అన్నీ ఆ రెండు నెలల్లోనే వచ్చి పడతాయి. ఇంట్లో రాబడి లేని రోజుల్లోనే పిల్లల చదువుకు డబ్బు కావాలి. బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల పట్టపుపాళేల (మత్స్యకారుల పల్లెల) నుంచి పిల్లలు వచ్చే ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో నేను స్కాలర్‌షిప్ సెక్షన్ చూస్తాను. విద్యార్థి ఫీజును ప్రభుత్వం చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ వేసవే.

నా కౌంటర్ దగ్గర ఏడాది పొడుగునా వినిపించే మాట ఒకటే: "ఫీజు పడిందా మేడం?" పిల్లలు అడుగుతారు, తల్లులు అడుగుతారు, నెలాఖరులో మా ప్రిన్సిపాల్ గారూ అడుగుతారు. లెక్చరర్ల జీతాలు ఇవ్వాల్సింది ఆ డబ్బులోంచే మరి. పథకం పేరు ఎన్నిసార్లు మారినా ఈ ప్రశ్న మాత్రం మారలేదు.

ఒకప్పుడు ప్రభుత్వం పిల్లవాడి ఫీజు కట్టేది కాదు, పాఠం చెప్పేవాళ్ల జీతం కట్టేది. వెంకటగిరి రాజాల పేరుతో నెల్లూరులో వెలిసిన వి.ఆర్. కళాశాల, 1950ల మొదట్లో దొడ్ల రామచంద్రారెడ్డి గారు కావలిలో నెలకొల్పిన జవహర్ భారతి ఈ బాటలోనే పెరిగాయి. స్థలం, భవనం దాతలవి. అధ్యాపకుల జీతం ప్రభుత్వ గ్రాంటు. అందుకే మా నాన్న తరంలో డిగ్రీ ఫీజు ఎవరూ భయపడేంత ఉండేది కాదు. ఎయిడెడ్ అంటే ఇదే. తర్వాత తర్వాత రిటైరైన వాళ్ల కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను తనలో కలిపేయమనో, సిబ్బందిని అప్పగించమనో అడిగినప్పుడు రాష్ట్రమంతా గొడవైంది, ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గింది. అప్పటికే ఎయిడ్ అనే మాట మా పిల్లలకు కొత్త మాట అయిపోయింది.

రెండో దారి విద్యార్థి వెంట డబ్బు పంపడం. దీని మూలం చాలా పాతది. 1944లో, బ్రిటిష్ వాళ్లు ఉండగానే, షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక గిరిజనులకూ ఇచ్చారు. పదో తరగతి దాటిన పిల్లవాడికి ఫీజుతో పాటు తిండి ఖర్చులకు కొంత ఇస్తారు. ఆఫీసు భాషలో ఫీజును ఆర్‌టీఎఫ్ అనీ, తిండి ఖర్చును ఎంటీఎఫ్ అనీ ఇప్పటికీ అంటాం. 2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బీసీలకూ, ఆ వెంటనే ఇతర కులాల పేదలకూ మొత్తం ఫీజు తానే కడతానంది. ఆ నిర్ణయం వల్ల మా తీరంలో ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను. బీసీ-ఎ లో ఉండే పట్టపు కులం ఇళ్ల నుంచి అంతకు ముందు మగపిల్లలు కూడా ఇంటర్ దాటేవాళ్లు కాదు. ఆ తర్వాత ఆడపిల్లలు బీఎస్సీ కంప్యూటర్స్‌కు వచ్చి బెంచీల్లో కూర్చున్నారు. దీన్ని ఓట్ల పథకమని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఒక్కసారి ఆ పాళేలకు వెళ్లి రావాలి.

అదే సమయంలో ప్రైవేటు కళాశాలలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలలు 700 దాటాయి. ఖర్చు పెరిగేసరికి 2012లో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం ఒక గీత గీసింది. ఎంసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, ఆపై ర్యాంకు బీసీ, ఈబీసీ విద్యార్థులకు 35,000 రూపాయలు. మిగతాది తల్లిదండ్రులది. పథకం ఉన్నా అప్పు చేయాల్సిన అవసరం చాలా ఇళ్లల్లో అక్కడ మొదలైంది.

2020లో జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం మళ్లీ మొత్తం ఫీజు అంది. విద్యా దీవెన ఫీజుకు, వసతి దీవెన తిండికి, హాస్టలుకు. ఐటీఐ వాళ్లకు ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000, రెండు విడతలుగా. ఏటా రెండున్నర లక్షల లోపు ఆదాయం, మాగాణి పది ఎకరాల లోపు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టకూడదు, కారు ఉండకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. నిబంధనలు కాగితం మీద సరళంగానే ఉంటాయి. చేపల లోడు కోసం అప్పు చేసి పాత మినీ లారీ కొన్న తండ్రి పేరు కంప్యూటర్‌లో నాలుగు చక్రాల బండి యజమానిగా కనిపించినప్పుడు చిక్కు వస్తుంది. టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌లకు మినహాయింపు ఉంది కాని, మినీ లారీ సంగతి ఎవరిని అడగాలో తెలియక అతని పిల్ల గ్రామ సచివాలయానికీ తహసీల్దారు ఆఫీసుకూ మధ్య తిరుగుతుంది. ఈ తిరుగుడులో హాజరు పోతుంది, హాజరు పోతే మళ్లీ స్కాలర్‌షిప్ పోతుంది.

విద్యా దీవెన కొత్తలో తల్లి వేలిముద్ర తప్పనిసరి. ఒక తల్లి తన కూతురి రెన్యువల్ కోసం సచివాలయానికి వెళ్తే నేను వెంట వెళ్లాను. ఆమె రొయ్యల ప్లాంటులో తలలు వలిచే పని చేస్తుంది. ఐసు నీళ్లలో గంటల తరబడి నాని ఆమె వేళ్ల చివర్లు తెల్లగా, నున్నగా ఉన్నాయి. సంక్షేమ సహాయకుడు, పాపం కుర్రవాడు, బొటనవేలు పెట్టించాడు, చూపుడువేలు పెట్టించాడు, పదివేళ్లూ పెట్టించాడు. ఆమె ప్రతిసారీ చీర కొంగుతో వేలు తుడిచి పెట్టేది, యంత్రం ఎర్రగా వెలిగేది. "ఎన్ని మాట్లు తుడిచినా అంతేలే మేడమా, నా వేళ్లల్లో గీతలు రొయ్యలే తినేసినాయి," అంది. సరే ఓటీపీ పెడదామంటే ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు భర్తది. భర్త బోటు మీద ఉన్నాడు, సిగ్నల్ అందని దూరంలో. బోటు ఒడ్డుకు వచ్చిన రోజునే ఆ పిల్ల దరఖాస్తు ముందుకు కదిలింది. యానాది గిరిజనుల పిల్లల కష్టం ఇంకా మొదట్లోనే వస్తుంది. వాళ్ల కోసమే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నెల్లూరులో ఉన్నా, ఆధార్, కుల ధ్రువపత్రం లేని కుటుంబాలు రొయ్యల గుంతల గట్ల మీద ఇంకా ఉన్నాయి. వాళ్ల బిడ్డ ఇంటర్ దాకా రావడమే గొప్ప.

డబ్బు తల్లి ఖాతాలో వేయాలన్నది 2021లో మొదలైంది. ఆ ఖాతా నుంచి తల్లే కళాశాలకు కట్టాల్సి వచ్చేది. దీన్ని మా యాజమాన్యాలు మొదటి నుంచీ వ్యతిరేకించాయి, హైకోర్టు కూడా అదే ఏడాది సెప్టెంబరులో డబ్బు కళాశాలకే వెళ్లాలంది. నా మాట వేరు. ఆ ఖాతా వచ్చాక తల్లులు మా కౌంటర్ దగ్గర నిలబడి "ఈ నెల క్లాసులు సరిగ్గా జరిగినాయా?" అని అడగడం నేను మొదటిసారి విన్నాను. ఆ అడగడానికి విలువ ఉంది. దాని రెండో వైపు కూడా చెప్పాలి. విడత వేట నిషేధంలో పడితే ఆ డబ్బు బోటు ఇంజను మరమ్మతుకో, ఆసుపత్రికో పోయేది. ఇంట్లో అన్నం లేనప్పుడు అది తప్పు అని అనడానికి నాకు నోరు రాలేదు. తర్వాత 2023 చివర్లో తల్లి, విద్యార్థి కలిసి ఉమ్మడి ఖాతా తెరవమన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాల ఖాతాకే వేస్తామన్నారు.

షెడ్యూల్డ్ కులాల పిల్లల సంగతి కొంచెం భిన్నం. 2020 డిసెంబరు నుంచి కేంద్రం ఈ స్కాలర్‌షిప్‌లో 60 శాతం తానే ఇస్తోంది. అయిదేళ్లకు 35,534 కోట్ల రూపాయలని ప్రకటించింది. ఆ 60 శాతం నేరుగా విద్యార్థి ఆధార్ ఖాతాకు వస్తుంది, రాష్ట్రం తన 40 శాతం విడుదల చేశాక. రాష్ట్రం ఆలస్యం చేస్తే కేంద్రం వాటా కూడా ఆగుతుంది. ఆధార్‌తో ఖాతాను కలిపే ఎన్‌పీసీఐ లింకు తెగినా ఆగుతుంది. పిల్లలు బ్యాంకు మారినప్పుడల్లా నేను చెప్పే మాట ఇదే: ముందు లింకు చూసుకో నాన్నా, తర్వాత ఏటీఎం కార్డు చూద్దువు.

అసలు ఆలస్యం ఎక్కడ? కళాశాల హాజరు, సంక్షేమ శాఖ మంజూరు, ఖజానాకు బిల్లు, ఇవన్నీ నెలల్లో అవుతాయి. ఆపైన బిల్లు రాష్ట్ర చెల్లింపుల కంప్యూటర్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లోకి చేరుతుంది. అక్కడ రాష్ట్రమంతటి బిల్లులూ వరుసలో ఉంటాయి: జీతాలు, పింఛన్లు, కాంట్రాక్టర్లు, వడ్డీలు. చేతిలో ఉన్న డబ్బుకు ముందు ఏది చెల్లించాలో ఆర్థిక శాఖ చూసుకుంటుంది. పింఛను ఆగితే ఊరు రోడ్డెక్కుతుంది, ఫీజు ఆగితే కళాశాలే సర్దుకుంటుందిలే అనుకుంటారు. అందుకే ఏ ప్రభుత్వం ఉన్నా ఫీజు బిల్లే వెనక్కి జరుగుతూ వస్తోంది. 2025 మార్చిలో ప్రతిపక్షం ఈ బకాయిల మీద వీధికెక్కింది. అంతకు ముందు వాళ్లు పాలించినప్పుడు మిగిల్చిన బకాయిలు కూడా అందులో ఉన్నాయన్నది ప్రభుత్వం మాట. అదే ఏడాది నవంబరు మొదట్లో తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం బంద్ పాటించాయి.

కళాశాల ఎలా సర్దుకుంటుందో నాకు బాగా తెలుసు. సర్టిఫికెట్ పట్టుకుని సర్దుకుంటుంది. మాకు దగ్గర్లోని ఇంకో కళాశాలలో బీఎస్సీ ముగించిన ఒక పట్టపు పిల్లకు కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. అప్పట్లో ఆ సీటు మామూలు సీటు కాదు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 తర్వాత ప్రైవేటు కళాశాలల్లో పీజీ చదివేవాళ్లకు రీయింబర్స్‌మెంట్ ఉండేది కాదు, విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో అయితే ఉండేది. ప్రభుత్వం నుంచి రెండు విడతలు రాలేదని ఆ కళాశాల టీసీ, మార్కుల మెమో ఇవ్వలేదు. చేరడానికి గడువు దగ్గరపడింది. తండ్రి తన చేపలు కొనే షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. షావుకారు దగ్గర అప్పు ఉన్నంత కాలం ఆ బోటు చేపలు ఆయనకే, ఆయన చెప్పిన ధరకే. తర్వాత ప్రభుత్వం డబ్బు వేసింది, కళాశాల తిరిగి ఇచ్చింది కూడా. వడ్డీ ఎవరిచ్చారు? ఆ సీజనంతా తక్కువ ధరకు పోయిన చేపల డబ్బు ఎవరిచ్చారు? బకాయి ప్రభుత్వానికీ కళాశాలకూ మధ్యది. ఆ లెక్కలో ఆ పిల్ల సంతకం లేదు. ఆమె మార్కుల మెమోను తాకట్టు వస్తువులా పెట్టుకోవడం నాకు ఏ కోణంలో చూసినా న్యాయంగా తోచదు, నేను జీతం తీసుకునేది అలాంటి కళాశాలలోనే అయినా.

వేరేచోట్ల ఏం చేస్తున్నారో చూద్దాం. తడ దాటితే తమిళనాడు. అక్కడ 2022 సెప్టెంబరు నుంచి పుదుమై పెణ్ పథకం కింద ప్రభుత్వ బడుల్లో చదివి కళాశాలకు వచ్చిన ఆడపిల్లకు నెలకు 1,000 రూపాయలు ఆమె ఖాతాలోనే వేస్తున్నారు. మొత్తం చిన్నదే, నెలనెలా ఇవ్వాలన్నది అందులో ఉన్న గుణం. ఆస్ట్రేలియా 1989 నుంచి ఫీజును ప్రభుత్వ అప్పుగా రాసుకుని, సంపాదన ఒక స్థాయి దాటాక పన్నుతో పాటు వసూలు చేస్తుంది. మా పాళేల్లో అప్పు అనే మాటే భయం కాబట్టి అది మనకు కుదరదు. కాని చదివే రోజుల్లో పిల్లవాడిని ఎవరూ ఫీజు అడగరన్న అంశం మాత్రం తీసుకోదగ్గది.

నేను కోరేది ఎక్కువేం కాదు. ఏడాది మొదట్లోనే విడతల తేదీలు ప్రకటించి, అందులో ఒకటి వేట నిషేధం మొదలయ్యే ఏప్రిల్‌కు ముందే పడేట్టు చూడాలి. బడ్జెట్‌లో ఈ పద్దును జీతాల పద్దులాగా, ఆపడానికి వీల్లేనిదిగా చూడాలి. విడత ఆలస్యమైతే సర్టిఫికెట్ ఆపరాదని ఉత్తర్వు ఇచ్చి ఊరుకోకుండా, ఆపిన కళాశాల మీద ఎవరికి, ఏ నంబరుకు ఫిర్యాదు చేయాలో ప్రతి కౌంటర్ గోడ మీద రాయించాలి. మా గోడ మీద ఎవరూ రాయమనకపోయినా నేనే రాసి పెడతాను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. కళాశాల ఫీజు కట్టమంటే రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. రసీదు మీద ప్రభుత్వ విడత వస్తే తిరిగి ఇస్తామని రాయించుకోండి. రెన్యువల్ దరఖాస్తు నంబరును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు బోటు మీద ఉంటే దాన్ని ఇంట్లో ఉండేవాళ్ల నంబరుకు మార్పించండి. ఇది జూన్‌లో చేసే పని కాదు, ఇప్పుడే వెళ్లి చేయించండి.