బండి యిచ్చినవారి బాధ్యత

మేడ్చల్ మీదుగా ఉత్తరమునకు సాగు 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి, ఈ రెంటిని అడ్డముగా దాటిపోవు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు - ఈ మూడు బాటల నడుమనున్న ఊళ్లలో మోటారు సైకిలు లేని యిల్లు అరుదు. తెల్లవారకముందే కూరగాయల మూటలతో బోయినపల్లి మార్కెట్టుకు పోవువారు కొందరు. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలోని పరిశ్రమలకు షిఫ్టు వేళకు పరుగెత్తువారు మరికొందరు. ఔటర్ రింగు రోడ్డుపై ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. కావున వీరందరును ప్రక్కనున్న సర్వీసు రోడ్లపై లారీల నడుమ పోవలసినవారే. ఈ ప్రాంతపు గ్రామములు పెక్కు ఇటీవల పురపాలక సంఘములలో కలిసినవి. అయినను నగరము తమ పొలిమేరకు వచ్చుచున్న ప్రతి పంచాయతీకిని ఇచ్చటి అనుభవము పనికివచ్చును గనుక దీనిని ప్రస్తావించుచున్నాము.

2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోవుచున్నవారే.

పల్లెలలో మనము తరచుగా చూచు దృశ్యమొకటి కలదు. తండ్రి పొలమున నుండును. పదవ తరగతి చదువు కుమారుడు బండి తీసికొని ఎరువు బస్తాకై పోవును. "మావాడు అప్పుడే బండి నేర్చినాడు" అని తండ్రి సంతోషించును. ఇందులో నేరమేమున్నదని అతడు తలపడు. కాని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేనివానిని, తగిన వయస్సు రానివానిని బండి నడుపనిచ్చుట యజమాని తప్పు. 2019లో చేర్చిన 199ఎ సెక్షను మరింత కఠినమైనది. మైనరు బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడు లేక యజమాని దోషి యగును. మూడు సంవత్సరముల వరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ బాలునకు 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు. బాలుడు పెద్దల అనుమతితోనే నడిపెనని న్యాయస్థానము తొలుతనే భావించును. "నాకు తెలియదు" అనువాడు ఆ సంగతి తానే రుజువు చేసికొనవలెను.

గేర్లులేని బండికి వయస్సుతో పనిలేదని కొందరి అభిప్రాయము. అది పొరపాటు. 16 ఏండ్లవానికి చట్టమిచ్చిన సడలింపు 50 సీసీ మించని గేర్లులేని బండ్లకు మాత్రమే. పాలక్యానులు మోయుటకు మన రైతులు వాడు ఎక్సెల్ 100 మోపెడ్డు ఇంజను దాదాపు 100 సీసీ. దానికి 18 ఏండ్లు నిండవలసినదే.

ఇంకొక సంగతి జరిమానాకంటె బరువైనది. లైసెన్సు లేని కుఱ్ఱవాడు ఒకరిని గ్రుద్ది చంపెననుకొందము. బీమా కంపెనీ మృతుని కుటుంబమునకు పరిహారము చెల్లించినను, యజమాని అజాగ్రత్త తేలినచో ఆ మొత్తమును అతని వద్దనుండి రాబట్టుకొనవచ్చునని సుప్రీం కోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసునందు స్పష్టపరచినది. రెండెకరముల రైతునకు ఆ మొత్తము భూమి అమ్మినగాని తీరకపోవచ్చును.

లైసెన్సు పొందుట కష్టమైన పని కాదు. మొదట లెర్నర్ లైసెన్సు. దాని గడువు ఆరు నెలలు. అది పొందిన 30 దినములకుగాని పరీక్షకు పోరాదు. తెల్ల పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము బండికి ముందు వెనుకల నుండవలెను. నేర్పువాడు తప్ప మరెవ్వరును వెనుక కూర్చుండరాదు. ఈ ముప్పది దినములను చాలమంది వేచియుండు కాలముగా భావించుచున్నారు. అవి నేర్చుకొను దినములు. ‘ఎనిమిది’ అంకె ఆకారమున కాలు నేల మోపక త్రిప్పుట వచ్చినంతమాత్రమున రహదారిపై నడుపుట వచ్చినట్లు కాదు. ముందు బ్రేకు నొక్కినచో పల్టీ కొట్టుదుమని భయపడి వెనుక బ్రేకునే నమ్ముకొనువారు మన ఊళ్లలో ఎందరో కలరు. వాస్తవమునకు బ్రేకు పడినప్పుడు బరువు ముందు చక్రముపైకి వచ్చును. బండిని నిలుపు శక్తి అధికభాగము ముందు బ్రేకుదే. రెంటిని కలిపి, క్రమముగా నొక్కుట అలవడవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క క్షణములో సుమారు 17 మీటర్లు సాగిపోవును. ప్రమాదము గమనించి బ్రేకుపై వ్రేలు వేయులోపలనే ఆ దూరము గడచిపోవును.

హెల్మెట్ మరణభయమును నూటికి 42 పాళ్లు, తలకు గాయములగుటను 69 పాళ్లు తగ్గించునని పరిశోధనలు తెల్పుచున్నవి. ఐఎస్ఐ ముద్ర గలదై, గడ్డము క్రింద పట్టీ బిగించినదై యుండవలెను. పెట్రోలు ట్యాంకుపై పెట్టుకొని పోవు హెల్మెట్ ట్యాంకునే కాపాడును! వెనుక కూర్చుండు ఇల్లాలికిని అది వలయును.

ఇక పంచాయతీ సభ్యులు స్వయముగా చేయదగినవి కలవు. కోతల వేళ రోడ్డుపై వడ్లు, మక్కలు ఆరబోసి చుట్టును రాళ్లు పేర్చుట పరిపాటి. రాత్రివేళ ఆ రాళ్లు బండివానికి యమపాశములు. కల్లము లేని రైతును నిందించి ప్రయోజనము లేదు. ఆరబోయుటకు పంచాయతీ వేరుచోటు చూపవలెను, చీకటి పడకముందే రాళ్లు తీయింపవలెను. ఎవరికి తోచినచోట వారు వేసిన స్పీడు బ్రేకర్లకు తెల్లరంగైనను లేకుండుట మరొక కీడు. మూలమలుపుల వద్ద వీథిదీపము వెలుగునట్లు చూచుట మనచేతిలోని పనియే.

ప్రమాదము జరిగినచోట పోలీసు కేసు వచ్చునని జనులు వెనుదీయుదురు. సద్బుద్ధితో సాయపడిన వానిపై కేసు ఉండదని చట్టమునందలి 134ఎ సెక్షను అభయమిచ్చుచున్నది. తన పేరు చెప్పుమని అతనిని నిర్బంధింపరాదు. 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 సేవ కేంద్రస్థానము ఈ మేడ్చల్ బాటలోని దేవరయాంజాల్‌లోనే నెలకొన్నది. ఫోను చేయువారు ఊరిపేరుతోపాటు సమీపమందలి కిలోమీటరు రాతిపైనున్న అంకెను కూడ చెప్పినచో అంబులెన్సు దారి తప్పక వచ్చును. ఆ అంకెలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించి యుంచుట మంచిది.