పువ్వు వైపు నుంచి ఆలోచించారా?

ఇంటర్వ్యూలో ‘ఎంపతీ అంటే ఏమిటి?’ అని అడిగితే గూగుల్‌లో దొరికే నిర్వచనం అప్పజెప్పకండి. గుంటూరు మాస్టారు ఒకరి గురించి చెప్పండి.

పత్తి, మిర్చి పండే గుంటూరు సీమలోని కొమ్మూరులో 1912లో పుట్టారు జంధ్యాల పాపయ్యశాస్త్రి. గుంటూరు ఏసీ కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతూనే ‘కరుణశ్రీ’గా పద్యాలు రాశారు. ఆయన ‘పుష్పవిలాపం’లో సంగతి చిన్నదే. కవి పూజకు పూలు కోయడానికి తోటలోకి వెళ్తాడు. పూలు తమ గోడు వినిపిస్తాయి. ఆయనకు చేతులాడవు. ఖాళీ చేతులతో తిరిగొస్తాడు.

గమనించారా? కోసేవాడు నోరు మూసుకుని, కోతకు గురయ్యేదాని మాట విన్నాడు. అదే ఎంపతీ.

ఈ పాఠం నాకు ఆలస్యంగా తలకెక్కింది. ఇంజినీరింగ్ ఫైనలియర్లో మిర్చి ధరలు చూపించే యాప్ చేశాను. స్క్రీన్ నిండా ఇంగ్లీషు బటన్లే! మిర్చి వేసే మా పెదనాన్న కాసేపు అటూ ఇటూ నొక్కి, ‘ఇందులో ధర ఎక్కడుందిరా?’ అంటూ ఫోన్ తిరిగిచ్చేశాడు. మార్కులు వచ్చాయి కానీ యాప్ ఆయనకు పనికిరాలేదు.

కరుణశ్రీ పద్యాలు పుస్తకం తెరవనివాళ్లకూ ఘంటసాల గొంతుతో చేరాయి. 1992లో ఆయన వెళ్లిపోయినా తెలుగువాళ్లు ఇంకా వింటున్నారు. తేలిక మాటలు, ఎదుటివాళ్ల గోడు. ఆ రెండూ ఉన్నాయి మరి.

ఈ రాత్రి ఓ పని చేయండి. రెజ్యూమెలో మీ ప్రాజెక్టు గురించి రాసిన నాలుగు లైన్లు తీయండి. ‘నేనేం చేశాను’ అని కాకుండా, ‘దీన్ని వాడేవాళ్లకు ఏం తేలికైంది’ అని తిరగరాయండి. రాయడానికి ఏమీ దొరకకపోతే, మార్చాల్సింది రెజ్యూమె కాదు, ప్రాజెక్టు!