ఎద్దు కట్టు – ఎద్దు నడక

ట్రాక్టర్లు వచ్చినను ఎడ్లను నమ్ముకొన్న రైతులు మనలో ఇంకను కలరు. సంతలో వారు ఎద్దు పండ్లు, సుడులు, కొమ్ములు శ్రద్ధగా చూతురు. నడకను మాత్రము చూడక బేరము కుదుర్చుకొందురు. ఎద్దు మనకు పనిచేయునది నిలబడి కాదు, నడచి. నడక చూడక కొన్న జత ఏడాది కష్టార్జితమును మింగివేయవచ్చును.

నడక శరీరపు కట్టును బట్టి యుండును. గుర్రాల ప్రదర్శనలు చూచినవారికి ఈ సంగతి తెలియును. రాజస్థానపు మార్వాడీ గుర్రాలలో కొన్నింటికి ‘రేవాల్’ అను నడక పుట్టుకతో వచ్చును; రౌతుకు కుదుపు తెలియదు. అమెరికాలోని టెనెస్సీ వాకింగ్ జాతి గుర్రము నడచునప్పుడు వెనుక గిట్ట, ముందు గిట్ట జాడను దాటి పడును.

ఎడ్లలోను ఈ భేదము కలదు. ఒంగోలు ఎద్దుకు పొడవైన కాళ్ళు, బరువైన దేహము, పెద్ద మూపురము. అది నిదానముగా, పెద్ద అంగలు వేయును. బరువు బండికి, లోతు దుక్కికి అది తగినది, పరుగునకు కాదు. మైసూరు ప్రాంతపు హళ్ళికర్ ఎద్దుది బిగువైన దేహము, చురుకైన అడుగు; అది వేగముగా బండి లాగును. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని కాదు. వాటి పని వేరు.

ఉద్దానపు ఇసుక నేలలలో బరువైన ఎద్దు గిట్ట దిగబడును. ప్రతి అడుగును పైకి లాగుకొనుటకే దాని బలము ఖర్చగును. ఇచ్చట మధ్యరకపు దేహము, వెడల్పు గిట్టలు గల జత మేలు.

డొంకూరు వంటి తీర గ్రామాల రైతులకు సముద్రపు ఒడ్డున తడి ఇసుక మంచి పరీక్షా స్థలము. ఎద్దును తిన్నగా నడిపించి ఈ క్రింది సంగతులు చూడుడు:

1. వెనుక గిట్ట, ముందు గిట్ట జాడలో గాని, దాని చెంతగాని పడవలెను. బాగా వెనుకబడినచో కాలిలో నొప్పియో, బిగువో ఉన్నదని అనుమానింపవలెను.

2. కుడి, ఎడమ అంగలు సమానముగా నుండవలెను.

3. నిలిచినప్పుడు చదునుగా నున్న వీపు నడచునప్పుడు విల్లువలె పైకి వంగినచో కుంటు మొదలైనదని తెలిసికొనుడు.

4. ముందుకాలు నొప్పిగా నున్న ఎద్దు, ఆ కాలు మోపునప్పుడు తల పైకెత్తును.

పిమ్మట జతను కలిపి నడిపింపుడు. ఒకదాని అంగ పెద్దది, రెండవదాని అంగ చిన్నది అయినచో కాడి ఒరిగి మెడలు పుండ్లు పడును.

లోపము కనబడినంతనే ఎద్దును త్రోసిపుచ్చనక్కరలేదు. గిట్ట నడుమ ముల్లో, రాయో ఇరుకుకొని యుండవచ్చును. పశువైద్యునికి చూపిన నయమగును. కాళ్ళ కట్టులోనే వంకర యున్నచో ఏ మందును దానిని సరిచేయలేదు. అట్టిదానిని ఎంత చవుకకు వచ్చినను కొనకుడు.