పటిక తినివేసిన పుటలు

పూజామందిరంలో తాతగారి నాటి భాగవతం భద్రంగా ఉన్న ఇళ్లు మనలో అనేకం. పుట తిప్పబోతే అంచు పొడిగా రాలుతుంది. చిత్రమేమంటే, అంతకు రెండు శతాబ్దాల ముందరి చేతికాగితం నేటికీ మెత్తగానే ఉంటుంది. అది గుడ్డపీలికల నారతో చేసినది. 19వ శతాబ్దిలో మిల్లులు కలపగుజ్జును వాడి, సిరా అలుక్కుపోకుండా పటిక కలిపాయి. ఆ పటికే క్రమంగా ఆమ్లాన్ని పుట్టించి నారను తెంచివేస్తుంది.

మౌలాలికి చేరువలో, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు పత్రాలతో పాటు నిజాముల నాటి దస్తావేజులూ ఉన్నాయి. ఇనాముల లెక్కలూ వాటిలోనివే. అటువంటి కాగితం ఒక్కటి రాలిపోతే స్వామివారి మాన్యానికి సాక్ష్యమే పోయినట్లు. వీటి మరమ్మతుకు, డిజిటల్ ప్రతులకు 2022లో ఢిల్లీలోని నూర్ అంతర్జాతీయ మైక్రోఫిల్మ్ కేంద్రంతో ఒప్పందం కుదిరింది. అది ఇరాన్ సాంస్కృతిక నిలయానికి చెందిన సంస్థ. అధిక భాగం పారశీక, ఉర్దూ పత్రాలు కనుక ఆ చేయూత ఉచితమే.

కాగితానికి చేసే వైద్యం వింటే మన వంటిల్లే గుర్తుకు వస్తుంది. సున్నపు తేటవంటి క్షారంతో ఆమ్లాన్ని శమింపజేస్తారు. చిరిగినచోట పల్చని జపాన్ కాగితాన్ని గోధుమ గంజితో అతికిస్తారు. తడిపితే గంజి ఊడివస్తుంది, పొరపాటు జరిగినా దిద్దుకోవచ్చు. మన ఇళ్లలో అంటించే సెలోటేప్‌కు ఆ గుణం లేదు. దాని జిగురు అక్షరాలలోకి ఇంకి గోధుమరంగు మచ్చగా మిగులుతుంది. పాత పారాయణ గ్రంథానికి తడి పసుపు అద్దకుండా, దీపానికి దూరంగా, ఎర్రని నూలుబట్టలో చుట్టి వసకొమ్ము ఉంచే పెద్దల పద్ధతే మేలు.