కన్నీరు పుట్టే చోటు, పోయే దారి

కన్నీరు అనగానే మనకు దుఃఖమే గుర్తుకు వస్తుంది. కాని ఏ దుఃఖమూ లేకపోయినా, మనం మేలుకొని ఉన్నంతసేపూ కంట్లో కన్నీరు ఊరుతూనే ఉంటుంది. ఊరినది ఊరినట్లే పోతూనూ ఉంటుంది. ఆ పోయే దారి మూసుకుపోతే ఏమవుతుందో మా యింట్లో జరిగిన సంగతి చెబితే సోదరీమణులకు తేలికగా బోధపడుతుంది.

మా అమ్మాయి పురిటికి బెంగుళూరులోని మా యింటికి వచ్చింది. మనుమడు పుట్టిన మూడో వారంలో వాడి ఎడమ కన్ను చెమ్మగిల్లడం మొదలుపెట్టింది. తెల్లవారేసరికి రెప్పలు పుసులతో అంటుకొని పోయేవి. “ఆముదం చుక్క వేయండే, మీ ఆయనకూ అట్లాగే వేశాను” అన్నారు మా అత్తగారు. పక్కింటావిడ చనుబాలు వేయమంది. మా అమ్మాయి మాత్రం “అమ్మా, వీడి చూపు పోతుందేమో” అని రాత్రంతా ఏడ్చింది. బిడ్డ కన్నూ, తల్లి కన్నూ రెండూ కారుతూంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మర్నాడే కంటి డాక్టరమ్మగారి దగ్గరకు తీసుకువెళ్లాము. ఆవిడ సగం కన్నడంలో, సగం తెలుగులో ఓపికగా చెప్పిన సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాను.

కనుగుడ్డుకు పైన, కణత వైపున, ఎముక గూటిలో బాదంపప్పంత గ్రంథి ఒకటి ఉంది. కన్నీటి ఊట అదే. రెప్పల లోపల మరికొన్ని చిన్న గ్రంథులు ఎప్పుడూ కొద్దికొద్దిగా చెమ్మను అందిస్తూంటాయి. రెప్పల అంచునున్న గ్రంథులు పలుచని నూనెను వదులుతాయి. ఆ నూనె పొర పైన ఉండబట్టే కింది నీరు ఇట్టే ఆరిపోదు. నీటికి అడుగున జిగురు పొర ఉండి దానిని కంటికి అంటిపెట్టుకొని ఉంచుతుంది. కన్నీటిలో సూక్ష్మక్రిములను చంపే పదార్థం కూడా ఉంది. దానిని 1922లో లోకానికి తెలియజేసినవాడు, తరువాత పెనిసిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే.

ఇక పోయే దారి. అద్దం ముందు నిలబడి కింది రెప్పను కొంచెం లాగి చూడండి. ముక్కు వైపు మూలలో సూదిమొనంత రంధ్రం కనబడుతుంది. పై రెప్పకూ అటువంటిదే ఉంది. రెప్ప వాల్చినప్పుడల్లా కన్నీరు ఈ రంధ్రాల గుండా సన్నని కాలువలలోకి, అక్కడినుంచి ముక్కు పక్కనున్న చిన్న సంచిలోకి, ఆ సంచి నుంచి ఒక గొట్టం ద్వారా ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినప్పుడు ముక్కు కారడం ఇందువల్లనే. కంట్లో చుక్కల మందు వేస్తే గొంతు చేదెక్కడమూ ఇందువల్లనే. కంటి మీద నిలిచే కన్నీరు మందు చుక్కలో సుమారు ఏడో వంతు మాత్రమే. అందుచేత ఒక్క చుక్క వేసుకొని, కన్ను మూసి, ముక్కు వైపు మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో అదిమి ఉంచితే చాలు. రెండో చుక్క వృథా.

మా మనుమడికి ఏమయింది? ముక్కులోకి తెరుచుకునే గొట్టం చివర, గర్భంలో ఉన్నప్పటి సన్నని పొర ఒకటి ఇంకా విడలేదు. ఇది పసిపిల్లలలో చాలామందికి ఉండేదేనట. నూటికి తొంభై మందికి ఏడాది నిండేలోగా దానంతట అదే విడిపోతుంది. విడేందుకు సాయంగా ఒక మర్దన ఉంది. 1923లో క్రిగ్లర్ అనే వైద్యుడు చెప్పినది నేటికీ వాడుకలో ఉంది. గోళ్లు తీసుకొని, చేతులు కడుక్కొని, చూపుడువేలి కొనను కంటి లోమూలలో ముక్కు ఎముకకు ఆనించి, కొంచెం గట్టిగానే నొక్కుతూ కిందికి రాయాలి. పూటకు ఐదు నుంచి పది సార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. డాక్టరమ్మగారు చేసి చూపించాకనే మేము మొదలుపెట్టాము. మీరూ అట్లాగే చేయండి. పుసులను కాచి చల్లార్చిన నీటిలో తడిపిన దూదితో తుడవాలి. ఆముదం, చనుబాలు, కాటుక – ఏవీ కంటి దరి చేరనివ్వకూడదు.

అయితే కారే కన్నంతా ఇటువంటిదే అనుకోరాదు. లోమూల కింద ఎర్రగా వాచినా, జ్వరం వచ్చినా, బిడ్డ వెలుతురు చూడలేక కన్ను మూసుకుంటున్నా, నల్లగుడ్డు పెద్దదిగా, మసకగా కనబడినా ఒక్క పూట కూడా ఆగక చూపించాలి. కంటి లోపలి ఒత్తిడి పెరిగితే చూపుకే మోసం. ఏడాది దాటినా పొర విడకపోతే సన్నని సలాకతో దారి తెరుస్తారు.

పెద్దవారికీ, ముఖ్యంగా నడివయసు దాటిన స్త్రీలకు, ఈ గొట్టం మూసుకుపోవచ్చు. అప్పుడు ఎముకలో దారి చేసి సంచిని నేరుగా ముక్కుతో కలుపుతారు. 1904లో ఇటలీ వైద్యుడు టోటి ఈ శస్త్రచికిత్సకు దారి చూపాడు. ఇక రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మన బెంగుళూరు పిల్లలది వేరే కథ. వారు రెప్ప వాల్చడం తగ్గి కన్ను ఎండుతుంది. ఎండిన కన్ను మండి, ఒక్కసారిగా నీరు కారుస్తుంది. కారే కన్ను పొడి కన్ను కావడం వింతే గాని నిజం.

మనకు వైద్యానికి కొదవ లేదు. ఈ ఊళ్లో 1896 నాటి మింటో కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కన్నీటి మార్గాల జబ్బులకే ప్రత్యేక విభాగం ఉంది. కావలసినదల్లా వేళకు వెళ్లడమే.

ఏడో నెలలో ఒక ఉదయం మా మనుమడు రెండు కళ్లూ పొడిగా, తేటగా తెరిచి నవ్వాడు. మా అత్తగారు వాడికి దిష్టి తీశారు. అమ్మాయి మళ్లీ ఏడ్చింది. ఈసారి ముక్కు తుడుచుకోమని నేనే కొంగు అందించాను.